ఎదుటి స్టూలు మీంచి చూస్తే

మన సాలూరు రీడింగురూం అధ్యక్షులవారు ఒక అన్యాయం చేశారు. లారీ బుకింగాఫీసు గుమస్తా మావ మొన్న మంగళవారం గుండె ఆగి పోతే, చితి చల్లారకముందే ఆయన చదరంగం బల్లను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆట పేరుతో కుర్రాళ్ళు చేరి రాజకీయాలు మాట్లాడుతున్నారట. మాట్లాడుతున్నాం. అయితే?

మావ నాకు చుట్టం కారు. వీధంతా మావ అనే పిలిచేది. సాయంత్రం లారీలు కదిలాక రీడింగురూం వరండాలో రెండు స్టూళ్ళు వేసి, తువ్వాలు మూట విప్పి, ఒక్కో పావునూ ఉఫ్‌మని ఊది పేర్చేవారు. ఎప్పుడో పోయిన నల్ల ఏనుగు బదులు లారీ నట్టు నిలబడేది. దెబ్బ తీసే ముందు ముక్కుపొడుం పీల్చడం ఆయన అలవాటు. అది నాకూ తెలుసు. అయినా ఆయన తుమ్మి తలెత్తేసరికి నా మంత్రి బల్ల మీద ఉండేది కాదు.

నేనప్పటికే సంచీడు కరపత్రాలు చదివి ఉన్నాను. మొదటిరోజే చెప్పేశాను: "రాజు కోసం బంట్లెందుకు చావాలి? నా పక్క ఒక్క బంటూ చావదు."

"మంచిదేరా. మరి రాజునేటి సేస్తావు?"

"వాడి చావు వాడు చస్తాడు."

"ఆడు సస్తే ఆటే అయిపోతాది కదరా నాయినా!"

బంటుకు ఆపద అనగానే నా మంత్రిని పరుగెత్తించేవాణ్ణి. ఆయన గుర్రం ఒక్క గెంతులో రాజుకూ మంత్రికీ కలిపి గురిపెట్టేది. రాజును తప్పిస్తే మంత్రి గోవిందా. రోజూ అదే గుర్రం, అదే గెంతు, అదే నేను.

"మంత్రిని అంతలా పరిగెట్టిస్తావేటిరా, మీటింగుకి ఆలీసమైపోతందా?" అని, ఓడిన చోటే పావులు మళ్ళీ పేర్చేవారు. "లెగు. ఇటొచ్చి నా స్టూలు మీద కూకో. ఇప్పుడు నాను నువ్వు, నువ్వు నాను. నా గుర్రంతో ఏటి సేస్తావో సెప్పు."

అటు కూర్చుంటే ఆ గెంతు స్పష్టంగా కనిపించేది. నా స్టూలుకు తిరిగొస్తే మాయం. ఒకనాడు గుర్రమంటేనే భూస్వాముల వాహనమని బల్ల తన్నేశాను. ఆయన వరండా అంతా వంగి పావులు ఏరి ఊదుకుంటూ, "కోపం వస్తే రానీరా. పావు మీద సెయ్యి మాత్రం ఎయ్యకు" అన్నారు.

నా బంటును చంపారని పేచీ పెట్టిన రోజు మాత్రం నవ్వలేదు. "సంపింది నా గుర్రమేటి? ఎనకాల ఎవులూ లేకండా దాన్ని ముందుకి తోసీసినోడివి నువ్వు."

ఆ రాత్రి సంచీలోని కరపత్రాలన్నీ మళ్ళీ తిరగేశాను.

బల్లకు తాళం పడ్డాక అధ్యక్షులవారి గదిలోకెళ్ళి అరిచాను. గెంటించారు. మర్నాడు ఇద్దరు మిత్రులతో వెళ్ళి నినాదాలిచ్చాను. ముగ్గుర్నీ గెంటించారు. ఆ మర్నాడు ఇంకా గట్టిగా అరుద్దామని వెళ్తూ, వరండాలో ఆ రెండు స్టూళ్ళు చూసి ఆగాను. మావ స్టూలు మీద కూర్చున్నాను. అధ్యక్షులవారు ఏం కోరుతున్నారు? మనం అరవాలని. అరిస్తే రౌడీలని వరండా కూడా మూసేస్తారు. మంత్రి మళ్ళీ పరుగెత్తబోతోంది!

లేచి మావ ఇంటికి, అత్త దగ్గరికెళ్ళాను. పావుల మూట చేతిలో పెట్టింది. "పొయ్యిలో ఎట్టీమన్నారు ఎవులో. ఎట్టలేకపోనాను. అట్టుకెల్లు బాబూ. ఇసిరీకు, నీకసలే కోపం."

తాళం పడింది బల్లకే. నేలకు కాదు. ఆదివారం సాయంత్రం అయిదింటికి అందరూ రీడింగురూం వరండాకు రండి. సుద్దముక్కతో నేల మీదే గళ్ళు గీస్తాం. నినాదాలు వద్దు. కోపం తెచ్చుకోవచ్చు, పావు మీద చెయ్యి మాత్రం వేయకూడదు. ఎదుటి స్టూలు ఖాళీగా ఉంటుంది. తప్పెత్తు వేసినవాడు లేచి కాసేపు దాని మీద కూర్చోవాలి. మూట విప్పేటప్పుడు కాస్త ఎడంగా ఉండండి. నిన్న నేను విప్పి చూశాను. లారీ నట్టుతో సహా అన్నిటికీ ఇంకా ముక్కుపొడుం వాసనే. ఒక్కణ్ణే కూర్చుని చాలాసేపు తుమ్మాను.