రేపు చెప్తానని పోయిన వసుంధరక్క

నిన్న సాయంత్రం ఫోన్ ఎత్తంగనే బావగారు "వసుంధర పోయిందమ్మా" అన్నరు.

నేనేమో ఏ దవాఖాన, డాక్టర్ ఎవరు, బీపీ ఎంతున్నది అని అడుగుతనే ఉన్న. ఆయన అవతల ఏడుస్తున్నరు. నా బుర్రకు ఎక్కతలేదు.

డ్యూటీల ఎన్ని చావులు చూసిన. ఎన్నడు గిట్ల కాలే.

జరసేపటి కిందనే నాతోటి మాట్లాడింది ఆమె.

తెల్వనోళ్లకు చెప్తున్న. వసుంధరక్క మా కాంట్రాక్ట్ నర్సుల యూనియన్ సెక్రటరీ. తెనాలి దిక్కు పుట్టింది, సరూర్‌నగర్ల ఇల్లు. ఇన్నేండ్లు ఈడున్నా ఆ గుంటూరు మాట పోలే. నేను "ఏందక్కా" అంటే "ఏంటే" అనేది. ఒకరి మాటకు ఒకరం నవ్వుకునేటోళ్లం.

సర్కారు దవాఖానల్ల కొత్త పద్ధతి తెస్తున్నరు అన్నకాడి నుంచి మాకు కంటి మీద కునుకు లేదు. మమ్మల్ని ఏజెన్సీ కిందికి మారుస్తరట. ఒప్పుకున్నట్టు కాయితం మీద సంతకం పెట్టాల్నట. పెడితే పాత సర్వీస్ మొత్తం పోతదని ఒకరు, పెట్టకపోతే ఉద్యోగమే పోతదని ఇంకొకరు.

ఈ గడబిడల మాకున్నది ఒక్క అక్క.

తానే మా పై ఆఫీసుకు పోయేది. అడిగేది. వచ్చేటప్పుడు దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌ల నిలబడి మా వాట్సాప్ గ్రూప్‌ల వాయిస్ మెసేజ్ పెట్టేది. వెనుక బస్సు హారన్లు, "ఎల్‌బీ నగర్, ఎల్‌బీ నగర్" అని ఆటోవాళ్ల ఒర్లుడు. ఆ మోతల నుంచి "నేను విన్నది కాదమ్మా, అడిగొచ్చింది చెప్తున్నా" అని మొదలువెట్టేది. చెడ్డ కబురైనా సరే, ఆమె నోటెంట వింటే జర ధైర్యముండేది.

ఒకసారి ఎవరో "సగం మందిని తీసేస్తున్నరు" అని ఫార్వర్డ్ కొట్టిన్రు. మా దాంట్ల ఒక పిల్ల, కడుపుతోటున్నది, అది చదివి మెట్ల మీదనే కండ్లు తిరిగి పడ్డది. తీరా చూస్తే ఏదో వేరే రాష్ట్రం ముచ్చట.

ఆ రోజు అక్కకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. గ్రూప్‌కు తాళమేసింది. ఇగ ఆమె తప్ప ఎవ్వరు మెసేజ్ పెట్టరాదు.

నన్ను కూడ అడ్మిన్ చెయ్యరాదు అక్కా అన్న.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీకిస్తే అయినట్టే" అన్నది.

రెండు రోజులు మాట్లాడలే నేను. మాట మాత్రం నిజమే.

మొన్న మెసేజ్ పెట్టింది. ఎవ్వరూ సంతకం పెట్టొద్దు, నేను వెళ్లి అడిగొచ్చి చెప్తా, అప్పటిదాకా ఆగండి అని.

నిన్న ఆఫీసుకు పోయింది. వచ్చేటప్పుడు నాకు ఫోన్ చేసింది. గొంతు మస్తు అలిసిపోయినట్టున్నది. ఏమన్నరక్కా అంటే, చెప్పారు గానీ ఇంకొకరిని అడిగి ఖాయం చేసుకోవాలి అన్నది. నా ఒక్కదానికి చెప్పు, ఒట్టు, ఎవ్వరికి చెప్పను అని బతిమాలిన.

"రేపు పొద్దున అందరితోపాటే విందువుగాని" అని నవ్వింది.

బస్టాప్‌ల పడిపోయిందట. పక్క దుకాణమాయన ఆటోల ఏసుకొని దవాఖానకు ఉరికిండట. అప్పటికే అయిపోయింది.

ఆఫీసుల ఏం చెప్పిన్రో మాకెవ్వరికి తెల్వది. సంతకానికి రేపే ఆఖరు.

పొద్దున వాళ్లింటికి పోతే అక్క ఫ్రీజర్ బాక్స్‌ల ఉన్నది. పక్కన కుర్చీల ఆమె ఫోన్ మోగుతనే ఉన్నది. అన్నీ మావోళ్లే. పోయిందన్న ముచ్చట తెల్వదు, గ్రూప్‌ల అడుగుదామంటే తాళం. బావగారు ఆ మోత వినలేక లాక్ తీసి ఫోన్ నా చేతిల పెట్టిన్రు.

"నువ్వే చెప్పమ్మా వాళ్లకి. నా వల్ల కాదు."

అక్క ఫోన్ల నుంచే, అక్క పోయిందని టైప్ చేసిన.

నొక్కంగనే నా బ్యాగ్‌ల నా ఫోన్ టింగుమన్నది. తీసి చూస్తే "వసుంధరక్క" అని పేరు. ఒక్క క్షణం అక్కనే పెట్టిందనుకున్న. నా పానం పోయి వచ్చింది.

నన్ను అడ్మిన్ చేసుకొని, గ్రూప్ తాళం తీసిన. అందరు ఆమె గురించి నాలుగు మాటలు రాసుకుంటరనుకున్న.

మొదలొచ్చిన మెసేజ్, "అక్కా, మరి సంతకం పెట్టాల్నా వద్దా?"

కోపం రాలే. మెసేజ్ పెట్టిన పిల్ల జీతం మీదనే వాళ్లిల్లు నడుస్తది. నా లోపల కూడ పొద్దటి నుంచి అదే తిరుగుతున్నది. శవం పక్కన కూసొని అదే ఆలోచిస్తున్న, ఏం జేయాలె.

పెట్టుండ్రి అంటే సర్వీస్ పోతదేమో. వద్దంటే నౌకరే పోతదేమో. అక్క ఫోన్ల గిట్ల చెప్పింది అని నేను ఏది రాసినా అందరు నమ్ముతరు. అందుకే ఇంకా ఎక్కువ భయమైంది నాకు.

అక్క ఏం చెప్పిందో నాకు తెల్వదు అని రాసిన. ఇయ్యాల అక్కను సాగనంపి, రేపు ఆఫీస్ తెరవంగనే పోయి అడుగుత, వచ్చేటోళ్లు ఎల్‌బీ నగర్ మెట్రో కింద కలువుండ్రి అని రాసిన.

అందరు చదివినట్టు కనవడుతున్నది. ఇది రాసేదాక, వస్తనని ఒక్కరు కూడ అనలే.

ఎట్ల పోతుంటివి అక్కా ఆ ఆఫీసర్ గదిలకు? కుర్చీ జరుపుకొని కూసొని, సార్ మొఖం మీదనే అడుగుతుంటివి. నేనైతే తలుపు కాడనే ఆగిపోత. ఎవ్వరు రాకున్నా పోత గాని, భయమైతుంది.

ఇగ నువ్వు నిమ్మళంగ పండుకో అక్కా. మాకెట్లాగు శాంతి లేదు, నీకన్న దొరకాలె.