తెల్లచొక్కా షట్టరు

మా మావయ్య బళ్ల మెకానిక్. అతని జబ్బుకు ఆస్పత్రివాళ్లు పెట్టిన పేరు రక్త క్యాన్సర్. మావయ్య పెట్టిన పేరు తెల్లచొక్కా. తెల్లచొక్కా అంటే అతని పాత భాగస్వామి. ఏనాడూ చేతికి గ్రీజు అంటనివ్వనివాడు, మావయ్య జ్వరంతో పడుకున్న వారంలో షెడ్డుకు కొత్త తాళం వేసి, బోర్డు మీద తన పేరొక్కటే రాయించుకున్నవాడు. నేను పని నేర్చుకున్నదీ ఆ షెడ్డులోనే. నేనూ మరిచిపోలేదు.

మొదట ఎక్కించిన మందు ఒళ్లంతా కాల్చింది. జుట్టునీ ఆకలినీ తీసుకుపోయి జబ్బును మాత్రం వదిలేసింది. అప్పుడు డాక్టరమ్మ కొత్త పద్ధతి చెప్పింది. మావయ్య రక్తంలోని కాపలా కణాలనే బయటికి తీసి, జబ్బుకణం పైపొర మీది గుర్తును పట్టేలా ప్రయోగశాలలో మార్చి, తిరిగి ఎక్కిస్తారట. అవి ఆ గుర్తున్నదాన్ని వెతికి, అతుక్కుని, విషాన్ని అక్కడే దించుతాయట.

"అంటే వీధంతా తగలబెట్టకుండా నేరుగా వాడింటికే వెళ్తాయన్నమాట!" మావయ్య ముఖం వెలిగింది. "ఎక్కించండమ్మా."

"నీ పగ పాడుగాను, మందులోనూ వాడేనా!" అంది అత్తయ్య.

అయితే ఆ కణాల పోరు ముదిరితే మెదడు గాడి తప్పే ప్రమాదం ఉంది. అందుకే ఎక్కించాక రోజూ పొద్దున్నే నర్సు మావయ్య చేత ఒక వాక్యం రాయించేది. రాత చెదిరితే ప్రమాదమని గుర్తు. వాక్యం మావయ్యే ఎంచుకున్నాడు: "తెల్లచొక్కా షట్టరు నా చేత్తోనే దించుతాను."

"ఇవాళైనా క్షమించారా బాబాయ్?" అని నవ్వేది నర్సు.

"ముందు షట్టరు దిగనీ తల్లీ, తర్వాత చూద్దాం."

ఒక పొద్దున వేరే వాక్యం వచ్చింది. "తెల్లచొక్కా మంచివాడు." అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

"చూశారా పిన్నిగారూ, మనసు మెత్తబడింది!" నర్సు మురిసిపోయింది.

అత్తయ్య ముఖం పాలిపోయింది. "మెత్తబడటమా? మా అన్న ఎప్పుడో స్క్రూడ్రైవరు పట్టుకెళ్లి తిరిగివ్వలేదని ఈనాటికీ ఆయనతో మాట్లాడడీ మనిషి! ఈయనకేదో అయింది, డాక్టరమ్మను పిలు!"

డాక్టరమ్మ పరుగున వచ్చింది. "ఎక్కడున్నారు మీరు?"

"షెడ్డులో," అన్నాడు మావయ్య మెల్లగా. "ఆయన టీ తేవడానికెళ్లాడు."

వెంటనే ఆ కణాల పోరు తగ్గించే సూదిమందు వేయించింది.

ఆ రోజంతా మంచం పక్కన పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. షెడ్డు లాక్కున్నవాడు చివరికి మావయ్య కోపాన్ని కూడా లాక్కుపోతున్నాడు. క్షమ గురించి పుస్తకాల్లో చాలా చదివాను. అవి రాసినవాళ్ల షెడ్డు ఎవడూ లాక్కుని ఉండడు.

మర్నాడు కాగితం ఇచ్చారు. నీరసానికి అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చాయి. "తెల్లచొక్కా షట్టరు" అని రాసి మావయ్య ఆగాడు. అత్తయ్య కాగితం మీదికి వంగింది. "నా చేత్తోనే దించుతాను" అని పూర్తిచేసి, కింద ఇంకోటి చేర్చాడు: "తాళం కూడా వేస్తాను."

అత్తయ్య ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది.

జబ్బు తగ్గింది. ఇప్పుడు తెల్లచొక్కా షెడ్డుకు సరిగ్గా ఎదురుగా మావయ్య రేకుల షెడ్డు వేశాడు. పాత బళ్లవాళ్లు ఒక్కొక్కరే రోడ్డు దాటి వస్తున్నారు. వాళ్లకు కుర్చీ వేసేది నేనే. వాడికి బాగా కనబడేలా, బయటే వేస్తాను.