మాత్ర ఆపి రమ్మన్నారు

బెంగళూరు దగ్గర బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఉద్యోగం ఖాయమయ్యాక, చేరేముందు మూత్రపరీక్ష చేశారు. తలుపు వేసుకోనివ్వకుండా గార్డు నా వెనకే నిలబడ్డాడు. రిపోర్టులో మత్తుమందు ఆనవాళ్లు ఉన్నాయన్నారు. చిన్నప్పటి నుంచి ఫిట్స్‌కి వాడుతున్న మాత్ర వల్లేనని డాక్టరు చీటీ చూపించాను. హెచ్‌ఆర్ అధికారి దాన్ని చదవనైనా లేదు.

"అందరూ ఇట్లనే చెప్తారప్పా. ఒక వారం మాత్ర ఆపేసి రా, రిపోర్టు క్లీన్‌గా వస్తాది," అన్నాడు నవ్వుతూ.

"ఆపితే ఫిట్స్ వచ్చి పడిపోతాను సార్."

"వారమే కదా, ఏం కాదులే. జాయినైనాక మళ్ళీ మింగు."

చీటీ లాక్కుని బయటికొచ్చేశాను. తర్వాత వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఇప్పుడు వేరేచోట పనిచేస్తున్నాను. ఆ దారిన బస్సులో వెళ్లేటప్పుడు ఆ గేటు వైపు చూడబుద్ధి కాదు.