ప్యారిస్‌కి మోసుకెళ్ళిన రైస్ కుక్కర్

థ్యాంక్స్‌గివింగ్‌కి నాలుగు రోజులు సెలవు దొరుకుతుందని తేలగానే మావారు శ్రీధర్ ఎక్సెల్ షీట్ తెరిచారు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా డైనింగ్ టేబుల్ మీద మూడు వారాలపాటు అన్నం గిన్నె కంటే లాప్‌టాపే ఎక్కువసేపు ఉంది. ప్యారిస్‌ని పదిహేను నిమిషాల ముక్కలుగా కోసి, ముక్కకో రంగు వేశారు. టికెట్లన్నీ ముందే కొనేసి ఫోన్‌లో పెట్టుకున్నారు. ఎవరినీ ఏమీ అడగక్కర్లేని ప్రయాణమని ఒకటే మురిసిపోయారు.

మా అమ్మాయి లహరి అడిగింది ఒక్కటే. స్కూల్లో నాలుగేళ్ళుగా ఫ్రెంచ్ చదువుతోంది. "నాన్నా, ఎవరైనా ఒక్కళ్ళు నాతో ఫుల్‌గా ఫ్రెంచ్‌లో మాట్లాడాలి, ఇంగ్లిష్‌కి స్విచ్ అవకుండా. లేకపోతే నాది రియల్ ఫ్రెంచో కాదో ఎలా తెలుస్తుంది?" కాలేజీలో అదే చదవాలా వద్దా అన్నది ఈ ప్రయాణం అయ్యాక తేల్చుకుంటానంది. మహానుభావుడు వెంటనే శుక్రవారం గడిలో రాసేశారు: 4:15 నుంచి 4:30, ఫ్రెంచ్. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బుధవారం సాయంత్రం ఐదింటికి డాలస్‌లో విమానం ఎక్కాం. నా పక్క సీట్లో ప్లేనోలో ఉండే తెలుగాయన కూర్చున్నారు. "కుక్కర్ పెట్టుకున్నారా అమ్మా? బ్రెడ్డు తిని ఎన్ని పూటలుంటాం?" అన్నారు.

"పెట్టుకున్నామండీ, గోంగూర కూడా" అన్నాను గర్వంగా.

గురువారం ఉదయం పదింటికి దిగాం. ఊళ్ళోకి రైలు టికెట్ మనిషికి పదమూడు యూరోలు. సామాను తక్కువుంటే అదే నయం. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. తలుపుకి నంబర్ల తాళం, అందుకని తాళంచెవి ఇచ్చే మనిషి కూడా ఎదురుపడలేదు. మ్యూజియంలో ఫోన్ చూపించాం, లోపలికి వెళ్ళాం. నదిలో తిప్పే పడవ దగ్గరా అంతే. బేకరీలో లహరి గొంతు సవరించుకుని మొదలుపెడితే కౌంటర్ అమ్మాయి నవ్వి ఇంగ్లిష్‌లో బదులిచ్చింది. కాఫీ షాపులోనూ అదే వరస. శుక్రవారం నాలుగుంబావుకి మేం మెట్రో మెట్లు దిగుతున్నాం. ఆ గడి కాస్తా దాటిపోయింది.

"ఇట్స్ ఓకే అమ్మా. నా ఫ్రెంచ్ బాలేదేమో" అంది లహరి.

ఆరున్నరకి గదికి చేరి, బియ్యం కడిగి కుక్కర్ పెట్టాను. ప్లగ్గుకి అడాప్టర్ మావారే తగిలించారు. నిమిషం కాలేదు, టప్‌మని చప్పుడు, కాలిన వాసన, ఇల్లంతా చీకటి! మాది అమెరికా కుక్కర్, నూట ఇరవై వోల్టులది. అక్కడి కరెంటు రెండు వందల ముప్పై. ఆ అడాప్టర్ పిన్నుల్ని మారుస్తుంది గానీ కరెంటుని మార్చదు.

"మీరు చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే కదండీ?" అన్నాను.

"ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేరే కదా, మర్చిపోయా" అన్నారు పాపం. మీరెవరైనా ప్యారిస్ వెళితే మాత్రం కుక్కర్ ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.

ఓనర్ ఫోన్ ఎత్తలేదు. ఎదురింటి తలుపు కొడితే డెబ్బై దాటిన పెద్దావిడ టార్చి పట్టుకుని వచ్చారు. మావారు ఇంగ్లిష్‌లో అందుకోగానే ఆవిడ తల అడ్డంగా ఊపారు. అప్పుడు లహరి ముందుకొచ్చింది. మొదట తడబడింది. ఫ్యూజ్‌ని ఏమంటారో తెలియక చేతులతో చూపించింది. ఆవిడ మాట అందించారు, ఇది అందుకుంది. ఆ తర్వాత ఆగితే ఒట్టు!

ఆవిడ మేం కోట్లు తగిలించిన అల్మారా తెరిచి, వెనకున్న స్విచ్ పైకెత్తారు. లైట్లొచ్చాయి, కుక్కర్ మాత్రం పోయింది. ఆవిడ నా చేతిలోంచి బియ్యం గిన్నె లాక్కుని, మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్ళి స్టవ్ మీద పెట్టారు. ఎనిమిదిన్నర దాకా ఆ వంటింట్లోనే కూర్చున్నాం. గోంగూర కారానికి ఆవిడకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, అయినా మారు వడ్డించుకున్నారు. వాళ్ళిద్దరి మాటల్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ నా కూతుర్ని అలా చూస్తూ ఉండిపోయాను. షీట్ ప్రకారం ఏడున్నరకి ఈఫిల్ టవర్ ఎక్కాలి. మావారు ఫోన్ తీశారు, లహరి వైపు చూశారు, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. ఆ క్షణంలో ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

శనివారం టవర్‌ని కింద నుంచే చూసి తృప్తిపడ్డాం. ఆదివారం మధ్యాహ్నం తిరుగు విమానం ఎక్కాం. కాలిన కుక్కర్‌ని పారేయడానికి మనసొప్పక ఆయన చేతి సంచిలోనే తెచ్చారు. షీట్ తెరిచి చూస్తే చూడకుండా వదిలేసినవే పదకొండు గడులున్నాయి. నాకైతే ఒక్కటీ తక్కువైనట్టు అనిపించలేదు. ప్యారిస్ అంటే ఇప్పటికీ నాకు ఆ వంటిల్లే.

"వచ్చేటప్పుడు ఆవిడ నీతో ఏమన్నారే?" అని అడిగారు మావారు.

"మళ్ళీ రమ్మన్నారు నాన్నా. ఇంకో కుక్కర్ కాల్చినా పర్లేదట."

"అంటే కాలేజీలో..."

లహరి జవాబు ముందు ఫ్రెంచ్‌లో చెప్పింది. తర్వాత మా కోసం తెలుగులో మళ్ళీ చెప్పింది: "అదే చదువుతా."