వీపు మీద పేరు లేని పుస్తకం

ఆ వీధిలో అందరికీ ఆమె చిన్నమ్మే. బైండింగు షాపు బావగారిది, అంటే ఆమె భర్తకు అన్నగారిది. ఆయన పిల్లలు చిన్నమ్మా అని పిలిచేవాళ్ళు; పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు గానీ పిలుపు మాత్రం షాపులోనే ఉండిపోయింది. ఆమె కంటే పదేళ్ళు పెద్దయిన పాలవాడు కూడా చిన్నమ్మా అనే అంటాడు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఉన్నప్పుడూ, పోయాకా కిటికీ పక్కన అదే బల్ల, అదే సూది. అచ్చయిన కాగితాలు మడిచి, వరసన పెట్టి, దారంతో కుట్టడం ఆమె పని. తోటికోడలు జిగురు కాస్తుంది. బావగారు అట్టలు వేసి, ప్రెస్సులో బిగించి, అంచులు కోసి, ఆఖరున ఇత్తడి అక్షరాలు వేడిచేసి పుస్తకం వీపు మీద బంగారు రంగులో పేరు అద్దుతారు.

చిన్నమ్మకు నవలల పిచ్చి. అవి కూడా ఎలాంటివి? మొదటి అధ్యాయంలో శవం, మూడో అధ్యాయంలో కౌగిలి ఉండే నవలలు. పెద్దమనుషులు ఛీ అంటూనే పేజీ తిప్పే రకం.

ఈ పిచ్చి ఆమెకు పెళ్ళయిన కొత్తలో ఆ బల్ల దగ్గరే అంటుకుంది. ఎవరో ప్రచురణకర్త ఒక నవల కాగితాలు మడవడానికి పంపించాడు. మడవని పెద్ద కాగితం మీద పేజీలు వరసలో ఉండవు. ఒకటో పేజీ పక్కన పదహారోది ఉంటుంది, సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. అందుకని చిన్నమ్మ కంట ముందు ముద్దు పడింది, తరవాత తగాదా, ఆ తరవాతెప్పుడో పరిచయం. ఆ పూట ఆమె మడిచిన కాగితాలన్నీ వంకరే. బావగారు చివాట్లు పెట్టారు. చివాట్లు తింటూ కూడా ఆమె మనసు ఆ ముద్దు దగ్గరే ఉంది.

ఇన్నేళ్ళుగా ఆమె గుట్టుగానే చదువుకుంది. పాత పుస్తకాల కొట్టులో చిరిగినవి తెచ్చుకునేది. బొమ్మ అట్ట పీకేసి, మళ్ళీ కుట్టి, ఆఫీసు పుస్తకాలకు వాడగా మిగిలిన నల్లగుడ్డతో అట్ట కట్టుకునేది. వీపు మీద పేరు అద్దేది కాదు. చూసినవాళ్ళకు అది పన్నుల చట్టంలా కనపడాలి. అలా అట్ట కట్టుకుని బస్సులో చదివింది, ఆసుపత్రి వరండాలో చదివింది, తోటికోడలి పక్కన కూర్చుని కూడా చదివింది. ఎంత శ్రద్ధగా చదువుతోందో అని జనం మెచ్చుకున్నారు కూడా.

అసలు తంటా అక్కడే వచ్చింది.

ఆమె అప్పుడు చదువుతున్న నవల పేరు "తడిసిన తాళంచెవి". కథానాయిక ఒక ఫ్లాటులో ఒంటరిగా ఉంటుంది. పై అంతస్తులో ఒక హత్య జరుగుతుంది. వర్షంలో తడిసి వచ్చిన ఒక అపరిచితుణ్ణి ఆమె తన గదిలో దాస్తుంది. దాచిన మనిషిని ప్రేమించకుండా ఉండలేకపోతుంది, అనుమానించకుండానూ ఉండలేకపోతుంది. హంతకుడు వాడేనా, కాదా? నలభై పేజీలు మిగిలి ఉండగా చిన్నమ్మ చేతుల్లో అట్ట ఊడిపోయింది. చదివిన పేజీలే మళ్ళీ మళ్ళీ తెరిస్తే ఊడదూ మరి? శనివారం సాయంత్రం గబగబా కొత్త అట్ట వేసి, ఆరడానికి ప్రెస్సులో పెట్టింది. అదే ప్రెస్సులో, అదే నల్లగుడ్డలో, అదే లావున కాలేజీ వాళ్ళ పాలకవర్గ సమావేశాల పుస్తకం కూడా ఆరుతోంది. దాని మీద కూడా ఇంకా పేరు పడలేదు.

సోమవారం పొద్దున్నే తొందరలో ఉన్న బావగారు పైనున్న పుస్తకం తీసి, తెరిచి చూడకుండానే "పాలకవర్గ సమావేశాలు" అని బంగారు అక్షరాలు అద్ది పంపించేశారు. మిగిలినది చిన్నమ్మ సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళింది.

మధ్యాహ్నం తలుపు వేసుకుని, దిండు గోడకు ఆనించి, ఎంతో ఆశగా తెరిచింది. ప్రహరీ గోడ ఎత్తు పెంచుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది అని ఉంది. ఆ గోడ దూకే హంతకుడు పారిపోయి ఉంటాడని అర పేజీ దాకా నమ్మింది. మురుగుకాలువ మరమ్మతు దగ్గరికి వచ్చేసరికి తన నవల కాలేజీకి వెళ్ళిపోయిందని తెలిసింది.

మర్నాడు కాలేజీ పెద్ద గుమాస్తా న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం పట్టుకుని షాపుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. జరిగినది బావగారి చెవిలో చెప్పబోయాడు గానీ, ఆయనకు చెవుడు. అందుకని వీధిలోకి వినపడేలా చెప్పాల్సి వచ్చింది. గోడ సంగతి తేల్చడానికి అధ్యక్షులవారు నిన్న నిండు సమావేశంలో పుస్తకం మధ్యకు తెరిచారట. కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టారట. తలుపు అవతల పోలీసులు, తలుపు ఇవతల అతని పెదవులు ఆమె మెడ మీద. చదువుతున్నదేమిటో ఆయనకు తట్టేసరికి నాయిక జాకెట్టు రెండో గుండీ దాకా వచ్చేసిందట. లెక్కల మాస్టారు దగ్గు ఆపుకోలేక బయటికి పరిగెత్తారట.

బావగారికి తల కొట్టేసినట్టయింది. పొట్లం విప్పి చూసి, కళ్ళు పైకెత్తి చిన్నమ్మ వైపు చూశారు. ఆమె సంచిలోంచి కాలేజీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టేసరికి ఆయనకు అంతా అర్థమైంది.

పెద్ద గుమాస్తా మంచివాడే. అందరూ తేలిగ్గా బయటపడే దారి ముందే ఆలోచించుకుని వచ్చాడు. ఎవరో ఖాతాదారు బైండింగుకిచ్చిన పుస్తకం పొరపాటున కలిసిపోయి ఉంటుందని, ఆ మాట వెళ్ళి చెబితే చాలని, కాకపోతే ఈ పుస్తకాన్ని తన కళ్ళ ముందే ముక్కలు చేయించి రమ్మని అధ్యక్షులవారి ఆజ్ఞ అని చెప్పాడు. బావగారికి ప్రాణం లేచి వచ్చింది. అవునవును, ఎవడో ఇచ్చి పోయాడు, మొహం కూడా గుర్తులేదు అని అప్పటికప్పుడు ఒక మనిషిని పుట్టించేశారు. నవలను కోత మిషను కింద పెట్టి, పిడి తిప్పమని చిన్నమ్మకు సైగ చేశారు.

ఆమె లేచి వెళ్ళి పిడి పట్టుకుంది. కత్తి కింద ఆ పుస్తకం బంగారు అక్షరాలతో, పెద్దమనిషి వేషంలో పడుకుని ఉంది. లోపల ఆ పిచ్చిపిల్ల ఇంకా తలుపుకు ఆనుకుని నిలబడే ఉంది. ఒక్క తిప్పు తిప్పితే షాపు పరువు నిలుస్తుంది, కాలేజీ పని నిలుస్తుంది, తన పేరు ఎక్కడా రాదు. ఇన్నేళ్ళూ కోరుకున్నది అదే కదా, పేరు రాకుండా ఉండటం. చిన్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. బావగారి మీద కాదు, అధ్యక్షుల మీద కాదు, నల్లగుడ్డ కట్టిన తన చేతుల మీదే.

పుస్తకాన్ని కత్తి కిందనుంచి లాగి చంకలో పెట్టుకుంది.

"ఇది ఎవరో ఇచ్చింది కాదండీ. నాది. నేను కొనుక్కున్నాను, నేనే చదువుతున్నాను. పేరు వెయ్యకుండా ప్రెస్సులో పెట్టడం నా తప్పు. ఆ తప్పుకి మీ అధ్యక్షులవారికి క్షమాపణ చెప్తాను. చదివినందుకు మాత్రం చెప్పను."

అప్పటిదాకా జిగురు గిన్నె దగ్గర నోరు విప్పని తోటికోడలు అడ్డం పడింది. పాపం, పోయిన మనిషి గుర్తొచ్చి అలాంటివి చదువుకుంటోంది, ఒంటరిది, ఆ మాట చెబితే అధ్యక్షులవారు కూడా అర్థం చేసుకుంటారు అంది. ప్రేమతోనే అంది. గుమాస్తా మొహంలో జాలి కూడా అప్పుడే పుట్టింది. చిన్నమ్మ తల వంచుకుంటే చాలు, పుస్తకం దక్కుతుంది, పరువూ దక్కుతుంది.

ఆమె తల వంచలేదు. "కాదక్కా. అబద్ధం ఎందుకు? ఇది చదువుతున్నంతసేపూ ఆయన గుర్తు రారు. ఎవరూ గుర్తు రారు. బాగుంటుంది, అందుకే చదువుతాను."

గుమాస్తా తన సమావేశాల పుస్తకం తీసుకుని, ఉన్నది ఉన్నట్టు చెబితే షాపుకు కాలేజీ పని పోతుందేమో అని నసిగాడు. ఉన్నది ఉన్నట్టే చెప్పమంది చిన్నమ్మ. గుమాస్తా అలాగే చెప్పాడు. పని పోయింది.

బావగారు ఆమెతో మాట్లాడటం మానేశారు. కావలసింది తోటికోడలితో చెప్పించేవారు, ఇద్దరి మధ్యా మూడడుగుల బల్ల మాత్రమే ఉన్నా సరే. చిన్నమ్మ లోపల బాధపడలేదని కాదు. కాలేజీ పుస్తకాలు పేర్చే అలమర ఖాళీగా కనపడినప్పుడల్లా మొహం తిప్పుకునేది. అయినా మధ్యాహ్నం పని ఆపే వేళకు కుర్చీని వాకిట్లో వెలుతురులోకి జరుపుకుని, వీధి వైపు తిరిగి కూర్చుని, మిగిలిన నలభై పేజీలూ దర్జాగా చదివింది.

హంతకుడు వాడే. ఆ వానలో తడిసి వచ్చినవాడే. ఆ పిల్లే చివరికి తలుపు తీసి పోలీసులకు అప్పగించింది. చిన్నమ్మ ఇంత తిట్టు తిట్టింది వాణ్ణి. తిట్టి, వేలు పెట్టి వెనక్కి తిప్పి, ఆ తలుపు దగ్గరి పేజీ మళ్ళీ చదువుకుంది. ముందు ముద్దు చూసి తరవాత పరిచయం చదివిన మనిషికి, కథ ఎలా ముగిసినా మధ్యలోది చెడిపోదని తెలుసు.

తరవాత నల్లగుడ్డ పీకేసింది. పెళ్ళిచీరకంటే ఎర్రటి గుడ్డ తెచ్చి కొత్త అట్ట వేసింది. ఇత్తడి అక్షరాలు తనే ఏరుకుని, తనే వేడిచేసి, "తడిసిన తాళంచెవి" అని వీపు నిండా పట్టేంత పెద్దగా అద్దింది. కింద, యజమాని పేరు వేసే చోట, చిన్నమ్మ అని అద్దింది. కాలేజీ పుస్తకాలు ఉండే ఖాళీ అలమరలో, వీధిలోకి కనపడేలా నిలబెట్టింది. బావగారు చూశారు, తీయలేదు.

వానాకాలం మొదట్లో ఒక వకీలు ఫైళ్ళు కట్టించుకోవడానికి వచ్చాడు. అలమర వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ఇలాంటి పుస్తకాలు కూడా చేస్తున్నారా, ఎవరిదండీ ఇది అని బావగారిని గట్టిగా అడిగాడు. చిన్నమ్మ సూది ఆగింది. ఎవడో ఇచ్చి పోయాడు అన్న మాట ఆయన నాలుక చివరన ఉండటం ఆమెకు కనపడుతూనే ఉంది. ఆమె తల ఎత్తి ఆయన మొహంలోకే చూసింది.

బావగారు ప్రెస్సు ఒక చుట్టు బిగించి, ఫైళ్ళ మీదనుంచి కళ్ళు ఎత్తకుండా అన్నారు.

"మా మరదలిది."