కంట్రోల్ గ్రూపు కోడిపిల్ల

2018లో నేను విజయవాడలోని ఒక కళాశాల ప్రయోగశాలలో కోళ్ల లోపలి చెవి మీద పరిశోధన చేస్తుండేవాణ్ణి. శబ్దాన్ని పట్టి నరానికి అందించే హెయిర్ సెల్స్ అనే కణాలు అక్కడ ఉంటాయి. మనుషుల్లో అవి చచ్చిపోతే మళ్లీ రావు. కోళ్లలో పక్కనున్న సపోర్టింగ్ సెల్స్ కొత్త హెయిర్ సెల్స్‌గా మారతాయి. మందుతో కోడిపిల్లల వినికిడి పోగొట్టి, అది తిరిగి వచ్చే తీరు గమనించడం మా పని. మందు ఇవ్వకుండా పోలిక కోసం విడిగా ఉంచేవాటిని కంట్రోల్ గ్రూపు అంటాం.

ఒకరోజు ప్రయోగశాల చూడటానికి బయటివాళ్లను రానిచ్చారు. కంకిపాడులో చీరల కొట్టు నడిపే రాంబాబు, ఆయన భార్య సుజాత, చంటిపాపను ఎత్తుకుని వచ్చారు. పాపకు పుట్టుకతోనే చెవుడు. కాక్లియర్ ఇంప్లాంట్ వేయించమని డాక్టరు చెప్పారట. నరానికి నేరుగా సంకేతాలు అందించే పరికరం అది. ఆపరేషన్ చేసి అమరుస్తారు.

అందరి ముందూ, మందు ఇచ్చిన కోడిపిల్ల వెనక చప్పట్లు కొట్టాను. అది తల తిప్పలేదు. వినికిడి ఇంకా రాలేదు.

"భోంచేసి పడుకున్నట్టుందండీ," అన్నారెవరో. అంతా నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. లోపలికి వెళ్లి కంట్రోల్ గ్రూపులోంచి ఇంకోదాన్ని తెచ్చాను. "ఇది కోలుకున్నదండీ," అని చప్పట్లు కొట్టాను. గిరుక్కున తిరిగింది.

"చూశారా ఏవండీ! కోడిపిల్లకొచ్చింది, మన పాపకి రాదా?" అంది సుజాత.

"మనుషులకి ఎప్పుడొస్తుంది సార్?" అన్నారు రాంబాబు.

"ఎంతో దూరం లేదండీ," అన్నాను. కోళ్లకు వినికిడి తిరిగి రావడం నిజమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత చీరల కోసం వాళ్ల కొట్టుకే వెళ్లాను. "సార్ గారా! రండి రండి," అంటూ రాంబాబు కుర్చీ వేశారు. చీరల అట్టపెట్టెలతో ఆడుకుంటున్న అమ్మాయి చెవి వెనక ఇంప్లాంటు పరికరం కనబడింది.

"ఆలస్యంగా పెట్టించామండీ. మీ వైద్యం వస్తుందేమోనని ఆగాం. మీరు చూపించినట్టే మా ఆవిడ రోజూ పాప వెనక చప్పట్లు కొట్టి చూసేది. ఇప్పుడు వినబడుతోంది గానీ, ఆలస్యమవడంతో మాటే సరిగా రావట్లేదు. మీ తప్పేముందిలెండి, మా ఆశ."

"రాంబాబు గారూ, ఆ రోజు తిరిగిన కోడిపిల్లకి అసలు చెవుడే లేదండీ. దానికి మందు ఇవ్వలేదు."

ఆయన చేతిలో చీర మడత సగంలో ఆగిపోయింది. "మరి మాకెందుకు చూపించారు?"

"మొదటిది తిరగకపోతే అందరూ నవ్వారండీ."

చెప్పడానికి నా దగ్గర అంతకన్నా పెద్ద కారణం లేదు.

గల్లాపెట్టె దగ్గర కూర్చుని వింటున్న సుజాత గొంతు పెంచలేదు. "ఆ తిరగనిదాన్ని చూసి ఇంటికెళ్లుంటే, అప్పుడే ఆపరేషన్ చేయించేవాళ్లం కదండీ," అంది.

ఆ రోజు నా దగ్గరున్న ఫలితం తల తిప్పని ఆ కోడిపిల్లే. "ఇంకా వినబడటం లేదండీ" అని దాన్నే వాళ్ల ముందు ఉంచి ఊరుకోవలసింది.