సాసరమ్మ కుడిచెయ్యి

అత్తగారు పోయి ఆరేళ్ళయినా ఆ ఇంట్లో పెద్దకోడలు పెద్దకోడలుగానే, చిన్నకోడలు చిన్నకోడలుగానే ఉండిపోయారు. అసలు పేర్లు చుట్టుపక్కలవాళ్ళు ఎప్పుడో మరిచిపోయారు. చిన్నకోడలికి మాత్రం బయట ఇంకో పేరుండేది, సాసరమ్మ అని. ఆ పేరు పెట్టినవాళ్ళెవరూ ఆమెను కంటితో చూడలేదు.

ఆమె ఆన్‌లైన్‌లో పాత పింగాణీ సామాను అమ్మేది. సెట్లు అమ్మేది కాదు. ఎవరింట్లోనో ఆరు కప్పులుండి సాసర్లు ఐదే మిగిలితే, ఆ ఆరోది ఎక్కడుందో వెతికి పంపేది. పాతసామాన్ల కొట్లో గంటలకొద్దీ కూర్చుని ఒక్కో కప్పునీ గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. ఖంగుమంటే మంచిది. మూగగా పలికితే కంటికి కనబడని పగులు ఎక్కడో ఉన్నట్టే.

వస్తువు ఎంతుంటుందో కొనేవాళ్ళకు తెలియాలంటే ఫోటోలో ఒక చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి పెద్దకోడలిది. బడికి నాలుగేళ్ళే వెళ్ళిన మనిషి, రాతకోతలూ బేరాలూ ఆమె వల్ల అయ్యేవి కావు. పట్టుకోమన్నది పట్టుకునేది. కుడిచేతి బొటనవేలి కింద పాలగిన్నె కాల్చిన మచ్చ బఠాణీ గింజంత ఉండేది. వెనక తెల్ల దుప్పటి కట్టి, ఎదురుగా ఫోన్ పట్టుకుని చిన్నకోడలు నిలబడేది.

“అక్కా, కాస్త పైకి. అబ్బ, అంత గట్టిగా కాదు, దాని పీక నులిమేస్తున్నట్టుంది.”

“పొయ్యి మీద కూర మాడితే నీ కస్టమర్లొచ్చి వండుతారా?”

“వస్తే నీ కూర తిని పారిపోతారు. కదలకు.”

ఇలా చిల్లర సామాను అమ్ముకునేవాళ్ళు ముప్పై మంది ఫోన్‌లో ఒక గ్రూపు కట్టారు. గుండీలు అమ్మే ఆవిడ గుండీలమ్మ, పాత గడియారాలాయన మాస్టారు, కుక్కర్లకీ కూజాలకీ విడిగా మూతలు అమ్మే ఆయన మూతలాయన. మొహాలు ఎవరివీ ఎవరికీ తెలియవు. ఫోటోల్లో కనబడే చేతుల్ని బట్టే గుర్తుపట్టేవారు. మాస్టారి చిటికెనవేలు వంకర. గుండీలమ్మ గోళ్ళకు ఎప్పుడూ రంగు. సాసరమ్మ అంటే మచ్చ ఉన్న కుడిచెయ్యి.

నిరుడు వానల్లో చిన్నకోడలు పోయింది. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు ఆసుపత్రి, ఆరో రోజు ఇంటికి తెచ్చారు.

రెండు వారాల తర్వాత ఆమె ఫోన్ కూసింది. గుండీలమ్మ రాసింది: “ఏమ్మా సాసరమ్మా, పలుకే లేదు. ఒంట్లో బాగోలేదా?”

పెద్దకోడలు ఆ మాట కూడబలుక్కుని చదివింది. ఒంట్లో బాగోలేదా అని అడిగారు కదా అని ఒక వేలితో, “ఇప్పుడు బాగానే ఉంది” అని నొక్కింది. అబద్ధం ఆడదామని కాదు. చెప్పాల్సిన మాటకు అక్షరాలు కుదరలేదు. మర్నాడు, “హమ్మయ్య, మా సాసరమ్మ వచ్చేసింది” అని పదిమంది రాశారు. ఇక ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు.

పాత సందేశాలు చదివి, చిన్నకోడలు ఎలా రాసేదో నేర్చుకుంది. “సరేనండోయ్” అనేది, “ఉంటే నాది, లేకపోతే మీ అదృష్టం” అనేది. అవే ఏరుకుని రాసేది. ఫోన్ మోగితే మాత్రం ఎత్తేది కాదు. మోగి మోగి ఆగాక, పనిలో ఉన్నానని రాసేది. అటకమీద మిగిలిన సాసర్లు ఒక్కొక్కటే దింపి, ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో తనే ఫోటో తీసేది. దుప్పటి కట్టి, సాసరు పట్టుకుని ఎదురుచూసినట్టు నిలబడితే, పక్కనే ఎవరో ఊపిరి బిగబట్టినట్టుండేది. ఇప్పుడు ‘కాస్త పైకి’ అంటుంది, అనుకునేది. వంటింట్లో కుళాయి చుక్క పడేది, అంతే.

ఒకరోజు మరిది, చిన్నకోడలి భర్త, భోజనం ముందు కూర్చుని అన్నాడు.

“వదినా, ఇంక మూసెయ్యండి ఆ కొట్టు. పోయిన మనిషి పేరుతో జవాబులేంటి?”

“మూసేస్తే దాన్ని పిలిచేవాళ్ళెవరు మిగిలారు నాయనా? నువ్వు దాని పేరెత్తి ఎన్నాళ్ళయింది?”

అతను కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అన్నందుకు ఆమె బాధపడింది గానీ, మాట నిజమే. ఆ ముప్పైమంది దగ్గరే చిన్నకోడలు ఇంకా బతికుంది. చెప్పేస్తే అక్కడా పోతుంది.

గ్రూపు మొదలైన రోజు వస్తే ఏటా అందరూ పని పక్కనపెట్టి, ఎవరివల్ల ఎవరు నిలబడ్డారో రాసుకునేవారు. ఈసారి మధ్యాహ్నం గుండీలమ్మ వంతు వచ్చింది.

“నా కళ్ళ ఆపరేషనప్పుడు నెలరోజులు సాసరమ్మ నా కొట్టు ఖాతా తన ఫోన్‌లో తెరుచుకుని, నాకు రోజూ ఫోన్ చేసి, నా కస్టమర్లు రాసినవి చదివి వినిపించింది. నేను చెప్పినట్టు వాళ్ళకి జవాబులు కొట్టింది. తన బేరం వదులుకుని నా గుండీలు అమ్మిపెట్టింది. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఇది చూడండి, అప్పుడు నాకు పంపిన టీపాట్ ఫోటో.”

పెద్దకోడలికి ఆ నెల గుర్తుంది. పొద్దస్తమానం ఫోనే చెవికి. “దాన్నే కట్టుకుని కాపురం చెయ్యి” అని తనే దెప్పింది. రెండు రోజులు మాట్లాడలేదు కూడా. ఎందుకని తను అడగలేదు, చిన్నకోడలు చెప్పనూ లేదు.

ఈలోగా మూతలాయన పాత ఫోటో ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన పెట్టి రాశాడు: “సాసరమ్మకి ఎడమచెయ్యి కూడా ఉందని ఈ ఏడాదే తెలిసిందండీ. మచ్చ చెయ్యికి సెలవిచ్చారా?”

అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. మాస్టారు మాత్రం, “ఇప్పుడు కుడిచేత్తో నొక్కుతున్నారన్నమాట. మరి కుడిచెయ్యి ఫోటోలో ఉన్నప్పుడు నొక్కిందెవరు?” అని అడిగాడు.

ఆయన గడియారాల మనిషి, చిన్న తేడా కూడా వదలడు. పెద్దకోడలి వేలు ఫోన్ మీదే ఆగిపోయింది. జవాబుకి పాత మాటేదైనా ఏరుకుందామని సందేశాలు పైకి జరుపుతుంటే గుండీలమ్మ పెట్టిన ఫోటో కనబడింది. తన కుడిచెయ్యి, చేతిలో నల్లగా నిగనిగలాడే టీపాట్. దాని బొజ్జలో ఒక మనిషి.

నిగనిగలాడే సామానుతో చిన్నకోడలు ఎంత జాగ్రత్తగా ఉండేదో. తన నీడ పడకుండా ఇటూ అటూ దుప్పట్లు కట్టి, మధ్య సందులోంచి తీసేది. ఈ ఒక్కటి తప్పిపోయింది. వేలెడంత మనిషి, గుండ్రానికి వంగిపోయి, జుట్టు నడినెత్తిన ముడేసుకుని, ఒక కన్ను మూసుకుని, నోరు కాస్త తెరిచి ఉంది. ఆ నోరు ఏమంటోందో పెద్దకోడలికి తెలుసు.

ఈమెను ఎదురుగా పెట్టుకుని, తనే సాసరమ్మనంటూ ఇంకో అక్షరం రాయడం పెద్దకోడలి వల్ల కాలేదు. సాయంత్రందాకా కూర్చుని, తప్పులతోనే రాసింది.

“టీపాట్‌లో ఉంది చూడండి, ఆవిడే సాసరమ్మ. నా తోడికోడలు. నిరుడు వానల్లో పోయింది. నేను చెయ్యిని మాత్రమే. చెప్పకుండా మోసం చేశాను. కళ్ళ ఆపరేషనప్పుడు సాయం చేసింది అదే. అందుకు దాన్ని తిట్టింది నేను.”

అందరికన్నా ముందు గుండీలమ్మ రాసింది.

“ఆ తిట్లు నాకూ వినబడేవమ్మా ఫోన్‌లో. ఎవరు ఆవిడ అని అడిగితే, మా అక్క, నా చెయ్యి అంది. నాకప్పుడు అర్థంకాలేదు. ఏదో మాటవరసకి అందనుకున్నా.”

మిగతావి ఆమె చదవలేదు. కూస్తున్న ఫోన్‌ని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

మరిది పనినుంచి వచ్చాక ఏమీ చెప్పకుండా ఫోటో చూపించింది. అతను గుమ్మంలోనే నిలబడి చూశాడు. మొహం కనబడుతుందేమోనని రెండు వేళ్ళతో లాగి పెద్దది చేశాడు. మనిషి గళ్ళుగళ్ళుగా విడిపోయింది.

“లాగకు నాయనా. పోతుంది. చిన్నగానే ఉంచు.”

అతను చిన్నది చేశాడు. ఆమె మళ్ళీ వచ్చింది.

“దొంగకళ్ళది. ఎప్పుడూ ఇలాగే, ఒక కన్ను మూసి,” అంటూ చిన్నకోడలిని అసలు పేరుతో పిలిచాడు. ఏడాది తర్వాత ఆ పేరు ఆ ఇంట్లో మొదటిసారి వినబడింది. గోడలు కూడా విన్నట్టున్నాయి.

మర్నాడు సెలవు. మరిది దుప్పటి కట్టి, ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. పెద్దకోడలు నీలం అంచు సాసరు కుడిచేత్తో పట్టుకుంది. అతనికి ఎలా తీయాలో తెలియదు, ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు. ఫోన్‌లోకి చూస్తున్నాడు.

ఎవరూ ఏమీ అనలేదు. ఆమె చెయ్యి కాస్త పైకి లేచింది.

“ఏంటి వదినా?”

“ఏం లేదు. తియ్యి.”